చెవి మీది జుట్టు చూడండి

బంగారుతల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటోలు చూశాను. దాచుకున్న డబ్బుతో 1891 నాటి మోర్గన్ డాలరు, అదే ఒకవైపు లిబర్టీ (స్వేచ్ఛాదేవి) తల, ఇంకోవైపు గద్ద ఉండే అమెరికా వెండి నాణెం, కొన్నారంటే నాకెంత సంతోషమైందో! "తాతయ్యా, చెవి మీద జుట్టంతా చదునుగా ఉంది, అరిగిపోయింది అంటగట్టారేమో" అని రాశారు. అప్పుడే దిగులు పడకండి. బొరుసు వైపు తిప్పండి. గద్ద కింద దండకు ముడి వేసిన చోట, 'డాలర్' అన్న మాటకు కాస్త పైన, చిన్న 'ఓ' అక్షరం ఉంది కదా? అది న్యూ ఆర్లీన్స్ టంకశాల గుర్తు. అక్కడి డాలర్ల మీద చాలాసార్లు ముద్ర గట్టిగా పడేది కాదు. 1891వి మరీ అలా పేరుపడ్డాయి.

అచ్చులో బాగా లోతుగా ఉన్న చోటే నాణెం మీద ఎత్తుగా లేస్తుంది. దెబ్బ చాలకపోతే వెండి ఆ లోతులోకి పూర్తిగా ఎక్కదు. బొమ్మ వైపు లిబర్టీ చెవి మీది జుట్టు, దానికి సరిగ్గా వెనకనుండే గద్ద రొమ్ము, రెండూ నిండకుండా మిగిలిపోతాయి. అంటే మీ నాణెం ఎవరి చేతుల్లోనూ అరగలేదేమో, పుట్టడమే అలా పుట్టిందేమో.

ఇది ఫోటోలో తేలదు, మీరే చూడాలి. బల్ల మీద మందపాటి తువ్వాలు పరవండి. గదిలో దీపాలన్నీ ఆర్పి ఒక్క టేబుల్ లైటు ఉంచండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి, ముఖం మీద వేలు పడకూడదు. లైటు కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. అరగని నాణెమైతే వెలుగు చారలు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతాయి. అచ్చు దెబ్బకు లోహం అంచుల వైపు పాకినప్పుడు పడ్డ సన్నటి గీతల మెరుపది. ఒకసారి అరిగిందంటే మళ్లీ రాదు.

ఇప్పుడు ఆ చార చెంప మీదుగా, నుదుటి పైజుట్టు మీదుగా, రెక్కల పైఅంచుల మీదుగా వెళ్లేటప్పుడు కన్నార్పకుండా చూడండి. ఎక్కడైనా తెగి, బూడిదరంగు మచ్చలా మందగిస్తే అక్కడ అరిగినట్టే. చెవి మీద చదునుగా ఉన్నా వెలుగు తెగకుండా సాగిపోతే అది అరుగుదల కాదు. భూతద్దంలో ఆ చోట చిన్నచిన్న గరుకు గుంటలు కనిపిస్తాయి. అవి ముద్ర పడకముందు వెండి బిళ్ల మీద ఉన్నవే. అరిగిన చోటైతే నున్నగా ఉంటుంది.

నాణెం ఎంత బాగా నిలిచి ఉందో చెప్పే గ్రేడు అంకెలు 1 నుంచి 70 దాకా. 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం పెట్టిన కొలత ఇది, తర్వాత అన్ని నాణేలకూ వాడుకలోకి వచ్చింది. అసలు అరగనివి 60, ఆపైన. ఎత్తుల మీద రవ్వంత రాపిడి తగిలితే 58, ఇంకాస్తయితే 50. జుట్టు పాయలు చాలావరకు కలిసిపోయి, బొమ్మ, తేదీ, అక్షరాలు మాత్రం తెలుస్తుంటే 4.

అరగనివన్నీ ఒకటి కాదు. ఈ డాలర్లను వెయ్యేసి చొప్పున సంచుల్లో పోసి మూటకట్టేవారు, ఒక్కో సంచి దాదాపు 27 కిలోలు. ఎత్తి పడేసినప్పుడల్లా ఒకదాని అంచు ఇంకోదాని ముఖానికి తగిలేది. జుట్టులో పడ్డ గాటు కంటికి ఆనదు. నున్నటి చెంప మీద పడ్డది మాత్రం ముందే కనిపిస్తుంది, గ్రేడు అక్కడే తగ్గుతుంది. అందుకే నేను చెంప చూశాకే మిగతావి చూస్తాను.

ఒక్కటి మాత్రం తాతయ్య మాట వినండి. నల్లబడిందని తోమకండి. నా పదిహేనో ఏట మా నాయనమ్మ ఇచ్చిన విక్టోరియా రూపాయిని, పూజ వెండి తోమినట్టు విభూది పెట్టి తళతళలాడేలా తోమాను. ఇప్పటికీ లైటు కింద పెడితే ఒకే వైపుగా సాగిన సన్నటి గీతలు వందల కొద్దీ కనిపిస్తాయి. ఆ రూపాయి మీద వెలుగు చార తిరగదు. ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు పోలేదు. సబ్బు, టూత్‌పేస్టు, మెత్తటి గుడ్డ, ఏదీ వద్దు.

ఈ రాత్రే లైటు కింద చూసి, చెవి మీద వెలుగు తెగిందో సాగిందో రాయండి. రెక్కల అంచులు కూడా మరిచిపోకండి.

మీ తాతయ్య