ఆ బిళ్లల్ని చింతపండుతో తోమకండర్రా

చిరంజీవులు చిన్నీకి, బుజ్జిగాడికి,

తాతయ్య ఆశీస్సులు. నేను బర్మింగ్‌హామ్‌లో మీ మంచం కింద వదిలేసి వచ్చిన అట్టపెట్టె తెరిచారట. అందులో ఇత్తడి బిళ్లలు నల్లబడ్డాయని చింతపండు నానబెట్టారట. అమ్మ ఫోన్లో చెప్పగానే గుండె గుభేలుమంది. అమ్మమ్మ బిందెలకైతే చింతపండుని మించింది లేదు. వీటికి మాత్రం వద్దు.

వాటిని హార్స్ బ్రాస్‌లంటారు. మనవైపు సంక్రాంతికి ఎద్దుల మెడలో మువ్వల పట్టెడలు కడతారే, ఇంగ్లండులో బండిగుర్రాలకు ఇవి అలాంటి ముస్తాబు. గుర్రం మెడపట్టెడ నుంచి రొమ్ము మీదుగా ముందుకాళ్ల మధ్యకు దిగే తోలుపట్టీ ఒకటుంటుంది, మార్టింగేల్ అని. బిళ్లలు దానికి వరసగా వేలాడేవి. నొసటి మీద ఒకటి వేరే. పందొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చేసరికి బండివాళ్లకి ఈ మోజు బాగా పట్టుకుంది. లండన్‌లో బండిగుర్రాల ఊరేగింపులు జరిగేవి. గుర్రాన్ని బాగా చూసుకున్నవాడికి బహుమతిగా ఇత్తడి బిళ్ల ఇచ్చేవారు. 1887, 1897లో విక్టోరియా రాణి జూబిలీలకి ఆవిడ బొమ్మతో బిళ్లలొచ్చాయి. సూర్యుడు, నెలవంక, గోధుమ పన బొమ్మలవీ ఉన్నాయి. దిష్టి తగలకుండా కట్టేవారని కొందరంటారు. నాకైతే అంత నమ్మకం లేదు. తన గుర్రం పక్కవాడి గుర్రం కన్నా మెరవాలని ఏ బండివాడికుండదు?

ఇక చిన్నీ అడిగిన ప్రశ్న. కోటలు, చర్చిలు ఉన్న బిళ్లల్ని ఏ గుర్రాలు వేసుకున్నాయని కదూ? చాలావాటిని ఏ గుర్రమూ వేసుకోలేదమ్మా. లారీలొచ్చి బండిగుర్రాలు తగ్గిపోయాక, ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు గుర్తుగా కొనుక్కుని గోడకి తగిలించుకోడానికి చేసినవి అవి.

ఈ సంగతి నాకు ఇరవై పౌన్లు వదిలాక తెలిసింది. ఒక ఆదివారం సంతలో విండ్సర్ కోట బిళ్ల చూపించి, నూట యాభై ఏళ్లనాటిది, గుర్రం మీద నుంచి తీసిందే అన్నాడు అమ్మేవాడు. నేను మురిసిపోయి కొనేశాను. పక్క బల్ల దగ్గరున్న ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకుని, ముందువైపు చూడనైనా చూడకుండా వెనక్కి తిప్పి నవ్వాడు.

అసలు కథంతా వెనకే ఉంటుందర్రా. ఏళ్ల తరబడి తోలు మీద ఊగిన బిళ్లకి వెనకవైపు కింది అంచు రాసుకుని రాసుకుని నున్నబడుతుంది. పట్టీ దూరే కన్నం పైభాగం అరిగి సన్నబడుతుంది. నా బిళ్ల వెనక అంతా ఒకే గరుకు, సందుల్లో పూసిన నలుపు. పాతకాలంలో ఇసుక అచ్చులో పోసినవి చేతికి బరువుగా తగులుతాయి. ఆకురాయి పట్టేటప్పుడు బిళ్ల కదలకుండా వైస్‌లో బిగించడానికి వెనక రెండు బుడిపెలు వదిలి, పనయ్యాక వాటిని అరగదీసేవారు. వేలితో తడిమితే ఆ మచ్చలు దొరుకుతాయి. 1880ల నుంచి రేకు మీద అచ్చుగుద్దినవి వచ్చాయి. అవి పల్చన, తేలిక. మీకు దగ్గర్లో ఉన్న వాల్సాల్ ఈ పనికి, గుర్రపు జీన్లకి పేరుపడ్డ ఊరు. అందుకేగా బుజ్జీ, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుని శాడ్లర్స్, అంటే జీన్లు చేసేవాళ్లు, అంటారు!

ఆ పెట్టెలో నాలుగైదు నిజంగా గుర్రం మోసినవున్నాయి. మీరు తోమితే ఆ అరుగుదల గుర్తులన్నీ కలిసిపోతాయి. సబ్బునీళ్లతో తుడిచి, మెత్తటి గుడ్డతో తడి ఆర్చండి, చాలు.

మోసపోయాక కోట బిళ్లల మీద కోపం రావాలి కదా, రాలేదు. తెలిసే కొనడం మొదలుపెట్టాను, ఒకటి రెండు పౌన్లకి. మూడంగుళాల ఇత్తడిలో కోటని ఇరికించాలంటే పనివాడు ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదిలాడో వెతకడం నాకు సరదా. షేక్‌స్పియర్ భార్య పుట్టింటి బిళ్ల చూడండి. పూరికప్పంతా నాలుగు గీతల్లో తేల్చేశాడు. కార్నర్వన్ కోట గోడల్లో రంగురంగుల రాతి పట్టీలుంటాయి, ఇత్తడిలో అవెలా వస్తాయి? లింకన్ అనే ఊరి బిళ్లలో అంత పెద్ద కెథడ్రల్‌నీ వదిలేసి, లోపల స్తంభాల పైనున్న చిట్టి రాతి దెయ్యాన్ని పెట్టుకున్నాడు. అల్లరి చేస్తుంటే దేవదూత దాన్ని రాయి చేసేసిందని అక్కడివాళ్ల కథ.

వేసవిలో నాన్న మిమ్మల్ని కాన్వీ తీసుకెళ్తానన్నాడట. ఒకటో ఎడ్వర్డ్ రాజు 1283లో మొదలుపెట్టించిన కోట అది. ఎనిమిది పెద్ద బురుజులు. నా బిళ్లలో నాలుగే ఉన్నాయి. దాన్ని జేబులో వేసుకెళ్లి, ఎక్కడ నిలబడితే సరిగ్గా ఆ నాలుగే కనిపిస్తాయో వెతకండి. నాన్న కారు పక్కన నిలబడి నేనెంత చూసినా అంతుచిక్కలేదు.

నానబెట్టిన చింతపండు వృథా చెయ్యకండి. విండ్సర్ బిళ్లని తోముకోండి, ఎంత గట్టిగానైనా.

మీ తాతయ్య,
తెనాలి