అమ్మానాన్నల బాధ్యత: మన సంఘాల్లో తిరిగే అపోహలు, వాస్తవాలు

పెళ్లికి ముందు జంటలతో కూర్చున్నప్పుడూ, మంచాన పడ్డ పెద్దవాళ్లను చూడటానికి ఇళ్లకు వెళ్లినప్పుడూ పాస్టరుగా కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. చాలావాటికి వాక్యం రిఫరెన్సు కూడా తగిలిస్తారు. అదే నాకు ఇబ్బంది.

అపోహ: దేవుని పని ముందు, ఇల్లు తర్వాత.

వాస్తవం: ఈ వాదన యేసుప్రభువు దగ్గరికే వచ్చింది. మార్కు 7వ అధ్యాయం చూడండి. తల్లిదండ్రులకు పెట్టాల్సిన సొమ్మును ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పితం అనేసి చేతులు దులుపుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు. మీ ఆచారం కోసం దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారని ఆయన గట్టిగా మందలించారు. సిలువ మీద ఉండి కూడా తల్లిని శిష్యుడైన యోహానుకు అప్పగించారు.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందంటే, మందిర నిర్మాణానికి కానుక ఇచ్చినవాళ్ల పేర్లు చదివితే అందరం స్తోత్రం అంటాం. ఆ పేరున్న ఇంట్లోనే తల్లి బీపీ మాత్రను సగానికి విరిచి, ఒక్క స్ట్రిప్పును రెండింతల రోజులు లాగుతుంటుంది. ఏంటమ్మా ఇది అంటే, "వాడికీ ఖర్చులున్నాయి కదా అయ్యగారూ, నాకు సగం చాల్లే" అంటుంది. ఇంటివాళ్లను సంరక్షించనివాడు విశ్వాసాన్ని వదిలేసినట్టేనని పౌలు రాసిన మాట (1 తిమోతి 5:8) నాకు అక్కడ గుర్తొస్తుంది. అందుకే కానుక ఎంత ఇవ్వాలని అడిగినవాళ్లను ముందు అమ్మ మందుల చీటీ చూసి రమ్మంటాను. సంఘ పెద్దల్లో కొందరికి ఇది నచ్చదు, తెలుసు.

అపోహ: తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకోవాలని ఉంది కాబట్టి, పెళ్లయ్యాక పెద్దల భారం మనది కాదు.

వాస్తవం: ఆదికాండము 2:24 కొత్త కాపురానికి చోటిస్తుంది. పోషించే బాధ్యతను ఎక్కడా రద్దు చేయలేదు. ఇంట్లో నిర్ణయాలు భార్యాభర్తలవే, అయితే పెద్దల ఖర్చు కూడా ఆ నిర్ణయాల్లో ఉండాలి. ఇంకో సంగతి: మన ఇళ్లలో పెద్దలంటే అబ్బాయి వైపు వాళ్లే లెక్క. అమ్మాయి తన జీతంలోంచి పుట్టింటికి ఐదు వేలు పంపితే గొడవ. 1 తిమోతి 5:4లో ఉన్నది పిల్లలూ మనవలూ అని, కొడుకులని లేదు. 16వ వచనమైతే విశ్వాసురాలైన స్త్రీకే తన ఇంటి విధవరాళ్ల బాధ్యత అప్పగిస్తుంది. రెండు వైపులా ఎంతెంత పంపుతారో పెళ్లికి ముందే కాగితం మీద రాసుకోమంటాను. మొహమాటపడి దాటేసిన జంటలే తర్వాత టెన్షన్‌తో వస్తుంటారు.

అపోహ: ఆస్తి కొడుకులది, కూతురికి కట్నంతో సరి.

వాస్తవం: క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. ఇక కట్నమంటారా, 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే, చర్చిలో పెళ్లయినా సరే. (రికార్డుల్లో మతం ఇంకోలా ఉన్న కుటుంబాలు మన సంఘాల్లో చాలానే. వాళ్లకు ఏ చట్టమో లాయరే చెప్పాలి.)

బతికుండగానే పిల్లలకు ఇల్లు రాసిచ్చే పెద్దలు తమను పోషించాలన్న షరతును గిఫ్ట్ డీడ్‌లోనే రాయించుకోవాలి. అరవై దాటినవాళ్లు, షరతు తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయమని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. పిల్లల మీద నమ్మకం లేదా అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా రాయించండి.

అపోహ: పిల్లలు దారి తప్పారంటే పెంపకం లోపమే.

వాస్తవం: పిల్లవాడికి నడవాల్సిన దారి నేర్పితే పెద్దయ్యాక కూడా దాన్నుంచి తొలగిపోడన్న సామెతలు 22:6ను గ్యారంటీ కార్డులా చదువుతున్నాం. సమూయేలు ప్రవక్త అంతటివాడి కొడుకులే లంచాలు తిన్నారు. కొడుకు గుడికి రావడం మానేశాడని తల్లిని కూడికలో నిలబెట్టి అందరిచేతా ప్రార్థన చేయించే అలవాటు దయచేసి మానేద్దాం.

అపోహ: కుటుంబ ప్రార్థన అంటే గంట కూర్చోవాలి.

వాస్తవం: పది నిమిషాలు చాలు. మనవలు డల్లాస్‌లో ఉంటే మనకు ఆదివారం రాత్రి, వాళ్లకు ఉదయం. వీడియో కాల్‌లో నానమ్మ ఒక కీర్తన పాడి, పిల్లల పేర్లు పెట్టి ప్రార్థన చేస్తే సరిపోతుంది. తాతయ్య ప్రసంగం మొదలుపెట్టారా, అవతల కెమెరా ఆపేస్తారు.