పక్షవాతం వచ్చాక ముద్ద దిగకపోతే

పర్లాకిమిడి, బరంపురం వైపు మన ఇళ్ళలో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోతే, చుట్టూ చేరినవాళ్ళు ముందు చేసే పని నోట్లో కాసిని నీళ్ళు పొయ్యడం. ప్రేమతోనే పోస్తారు. కానీ ఆ నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టవచ్చు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడం కష్టమవుతుంది. అందుకే ఆసుపత్రిలో మింగుడు పరీక్ష అయ్యేదాకా నీళ్ళు గానీ మాత్ర గానీ నోటికి ఇవ్వకూడదు.

కంఠమణి మీద వేలు పెట్టి ఒకసారి గుటక వేసి చూడండి. అది పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ ఒక్క సెకనులోనే ఊపిరి ఆగుతుంది, శ్వాసనాళం మూసుకుంటుంది, అన్నవాహిక తెరుచుకుంటుంది. ఎన్నో కండరాలు, మెదడు నుంచి వచ్చే ఐదు జతల నరాలు వరస తప్పకుండా పనిచేయాలి. పక్షవాతం ఆ వరసనే చెడగొడుతుంది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం. ఈ రోగుల్లో మాత్రం పొలమారకపోవడం ఇంకా ప్రమాదం. గొంతులో స్పర్శ తగ్గినవాళ్ళకి నీళ్ళు శ్వాసనాళంలోకి జారినా దగ్గు రాదు. తాగిన తర్వాత గొంతు గురగురలాడుతుంటే అనుమానించాలి. నీళ్ళకంటే చిక్కటి చోడి (రాగి) అంబలి కొందరికి సులువుగా దిగుతుంది, ఎందుకంటే నీళ్ళు శ్వాసనాళం మూసుకునేలోపే జారిపోతాయి. నీళ్ళూ మెతుకులూ కలిసిన చద్దన్నం, అదే ఒడియావాళ్ళ పఖాళ, మరీ కష్టం.

ఇక "గొంతుకి కరెంటు పెట్టిస్తే తగ్గుతుందట" అన్న మాట. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మెడ ముందు ప్యాడ్లు అంటించి కండరాలకి కొద్దిపాటి కరెంటు ఇవ్వడం ఒకటి. మింగే వ్యాయామాలతో కలిపి చేస్తే ఉత్త వ్యాయామాలకంటే మెరుగని చాలా చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే ప్యాడ్లు తప్పుచోట పెడితే కంఠమణి పైకి లేవాల్సింది పోయి కిందికి లాగబడుతుంది. ఇది తెలిసినవాళ్ళ చేతనే చేయించుకోవాలి.

రెండోది ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, గొంతు లోపలే రోజుకి పది నిమిషాల చొప్పున మూడు రోజులు కరెంటు ఇవ్వడం. కండరాన్ని బలపరచడం దీని ఉద్దేశం కాదు. గొంతు నరాల ద్వారా మెదడులో దెబ్బతినని భాగాన్ని మేల్కొల్పడం. 2016లో 162 మందితో చేసిన పరీక్షలో దీనివల్ల లాభం కనబడలేదు. కానీ ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టినవాళ్ళ మీద 2018లో వెలువడిన పరీక్షలో, కరెంటు ఇచ్చిన 35 మందిలో 17 మందికి ఆ గొట్టం తీసెయ్యగలిగే స్థితి వచ్చింది. ఉత్తుత్తి చికిత్స అందిన 34 మందిలో ముగ్గురికే వచ్చింది. ఎవరికి పనిచేస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఆక్యుపంక్చర్‌లో గడ్డం కింద, మెడ వెనక సూదులు పెడతారు. మంచి ఫలితాలు చూపిన అధ్యయనాలు ఎక్కువగా చైనావి. తనకి సూది పెట్టారని రోగికి తెలిసిపోతుంది కాబట్టి, ఆ నమ్మకం పాలెంతో సూది పాలెంతో విడదీయడం కష్టం. చేయించుకుంటామంటే నేను వద్దనను. రోజూ చేసే మింగే వ్యాయామాలు మాత్రం మానెయ్యొద్దు. డబ్బు పరిమితంగా ఉంటే ముందు ఈ వ్యాయామాలు నేర్పే స్పీచ్ థెరపిస్టుకే ఖర్చుపెట్టండి, బరంపురం దాకా వెళ్ళాల్సివచ్చినా సరే.

ముక్కు గొట్టంతో పాలు పోస్తున్నా రోగి నోరు రోజూ శుభ్రం చేయాలి. ఉమ్మిలోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారినా న్యుమోనియా వస్తుంది.