ఫాదర్ గారు ఇంటికొస్తే ప్రాణం పోతుందా? పెద్దల ఉపదేశంలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. మా విచారణలోనే, అంటే మా కథోలిక గుడి పరిధిలోనే ఉండే ఒకావిడ. "మాస్టారూ, నాన్న పోయేలా ఉన్నాడు. ఫాదర్ గార్ని కొంచెం తొందరగా తీసుకురారా?" అని ఏడుస్తోంది. ఆ పెద్దాయన మంచాన పడి పదకొండు నెలలైంది. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈ పదకొండు నెలల్లో నేనే మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే జవాబు: "ఇప్పుడే ఎందుకులెండి, భయపడతాడు."

మేం వెళ్ళేసరికి ఆయనకు తెలివి లేదు. ఫాదర్ గారు నుదుటికి, అరచేతులకు నూనె రాసి జపం చేశారు. పాపసంకీర్తనం చెప్పుకోవడానికి (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) నోరు లేవదు, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే దివ్య అప్పం) మింగడానికి గొంతు దిగదు. తెల్లవారుజామున నాలుగింటికి పోయారు. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నాన్నంటే ప్రాణం ఆ పిల్లకి. అందుకే భయపడింది.

పదహారేళ్ళుగా మా గుళ్ళో పెద్దవాళ్ళకు ఉపదేశం చెబుతున్నాను. జ్ఞానస్నానానికి సిద్ధపడే కొత్తవాళ్ళు, పెళ్ళి కుదిరి క్లాసులకు వచ్చే జంటలు, రిటైరయ్యాక బైబిల్ తీరిగ్గా చదువుదామనుకునే మాస్టార్లు, నర్సులు, ఆటో నడిపేవాళ్ళు. అందరి దగ్గరా తలా ఒక అపోహ ఉంటుంది. చాలావాటితో పెద్ద నష్టం లేదు. ఈ ఒక్కదాంతో మాత్రం ఉంది.

అపోహ: అభ్యంగనం, అంటే ఫాదర్ గారు నూనె రాసి ప్రార్థన చేయడం, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకే. ఫాదర్ గారు నూనె డబ్బీతో వచ్చారంటే ఇక ఆశ వదులుకోవడమే.

వాస్తవం: ఇది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం. జబ్బు గట్టిదని తేలిన రోజునుంచే అడగొచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ముందు అడగొచ్చు. ఫలానా జబ్బని లేకపోయినా, వయసు మీదపడి బాగా నీరసించిన ముసలివాళ్ళు అడగొచ్చు. ఊహ తెలిసిన పిల్లలకు గట్టి జబ్బు చేస్తే వాళ్ళకూ ఇస్తారు. కోలుకుని మళ్ళీ జబ్బు పడితే మళ్ళీ తీసుకోవచ్చు. అదే జబ్బు ముదిరినా మళ్ళీ తీసుకోవచ్చు. జీవితంలో ఒక్కసారే అనే లెక్క లేదు.

మరి ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, సగం తప్పు పేరుదే. మన పాత జపాల పుస్తకాలు తీసి చూడండి, "అవస్థ అభ్యంగనం" అని ఉంటుంది. మన ఊళ్ళలో "అవస్థలో ఉన్నాడు" అన్నామంటే ఇక గంటలే లెక్క అని అర్థం. అలాంటి పేరు పెట్టుకుని, జ్వరపు మంచం మీదున్న మనిషికి తీసుకో అంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? లాటిన్‌లోనూ శతాబ్దాలపాటు దీన్ని "కడపటి అభ్యంగనం" అనే పిలిచారు. 1963లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన సభ) దైవార్చన మీద ఇచ్చిన పత్రంలో ఆ పేరు కంటే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే మేలని, ఇది మరణం అంచున ఉన్నవాళ్ళకు మాత్రమే కాదని రాసిపెట్టారు. 1972లో ఆరో పౌలు పోపుగారు జరిపే విధానాన్నే మార్చారు. అంతకుముందు కళ్ళు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, కాళ్ళు అన్నిటికీ రాసేవారు. ఇప్పుడు నుదురు, చేతులు, అంతే. పేరు మారి యాభై ఏళ్ళు దాటినా మా పేటలో ఇంకా "అవస్థ నూనె" అనే అంటారు. 2014 ఫిబ్రవరిలో పోపు ఫ్రాన్సిస్ కూడా ఈ సంస్కారం (గుడి ఇచ్చే పవిత్ర కార్యం) గురించి మాట్లాడుతూ, గురువు (ఫాదర్) వెనకే శవపేటికవాళ్ళు వస్తారనే ఆలోచన జనంలో ఉందని, అది నిజం కాదని చెప్పారు. అంటే ఈ భయం మనకొక్కళ్ళకే లేదన్నమాట, రోములోనూ ఉంది.

యాకోబు లేఖ ఐదో అధ్యాయం 14, 15 వచనాలు మా క్లాసులో పెద్దవాళ్ళచేత పైకి చదివిస్తాను. మీలో ఎవరైనా జబ్బుగా ఉంటే సంఘ పెద్దలను పిలవాలి, వాళ్ళు ప్రభువు పేరిట నూనె పూసి ప్రార్థన చేయాలి అని ఉంటుంది. చదివాక అడుగుతాను, "ఇందులో చావు అనే మాట ఎక్కడుందో చూపించండి" అని. ఒకసారి ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివి, "లేదు మాస్టారూ. మరి మా అత్తగారికి ఎందుకు పిలవనివ్వలేదు మా ఆయన?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అసలు చనిపోయేవాళ్ళకు ఇచ్చే చివరి సంస్కారం నూనె కాదు, దివ్యసత్ప్రసాదం. దాన్ని లాటిన్‌లో వియాతికుమ్ అంటారు. మన భాషలో చక్కటి మాట ఉంది: దారిబత్తెం. పూర్వం దూర ప్రయాణానికి మూట కట్టి ఇచ్చేవాళ్ళే, అది. తెలివి ఉండగా పిలిస్తే మనిషి మనసులో బరువు దించుకుని పాపసంకీర్తనం చెప్పుకుంటాడు, అభ్యంగనం అందుకుంటాడు, దారిబత్తెం తీసుకుంటాడు. తెలివి పోయాక పిలిస్తే మూడింట్లో ఒక్కటే మిగులుతుంది. ఊపిరి ఆగాక పిలిస్తే అదీ లేదు. సంస్కారాలు బతికున్నవాళ్ళకే. ప్రాణం ఉందో లేదో అనుమానంగా ఉంటే గురువు అభ్యంగనం ఇవ్వొచ్చు. పోయారని తెలిస్తే మాత్రం వాళ్ళ ఆత్మకోసం ప్రార్థన చేస్తారు, నూనె రాయరు. అప్పుడు "మా నాన్నకి ఎందుకు రాయలేదు" అని ఫాదర్ గారి మీద కోపం తెచ్చుకున్నవాళ్ళను చూశాను. ఒక కుటుంబం ఆ కోపంతో రెండేళ్ళు గుడి మానేసింది.

మా అమ్మమ్మ విషయంలో మేమూ ఇదే చేశాం. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. కడుపులో క్యాన్సర్. ఇంట్లో అందరం గుసగుసలాడుకుంటూ, ఆవిడ ముందు నవ్వుతూ తిరిగేవాళ్ళం. ఒకరోజు తల దువ్వుతుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఫాదర్ గారు ఊళ్ళో ఉన్నారా? మీ అమ్మ భయపడుతుందని అడగట్లేదు" అంది. మేం ఆవిడకోసం దాస్తున్నాం, ఆవిడ మాకోసం దాస్తోంది. మర్నాడు పొద్దున ఫాదర్ గారు వచ్చారు. మమ్మల్నందరినీ బయటికి పంపి అరగంట మాట్లాడారు. ఆ తర్వాత నాలుగు నెలలు బతికింది అమ్మమ్మ. జబ్బు తగ్గలేదు. రాత్రుళ్ళు నిద్ర మాత్రం పట్టేది.

ఇందాకటి మాట రెండోవైపునుంచి కూడా చెప్పాలి. ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. విజయవాడ గుణదల ఉత్సవాల చివరి రోజు అదే. రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. చాలా విచారణల్లో ఆ చుట్టుపక్కల రోజుల్లో పూజలోనే అందరి ముందూ అభ్యంగనం ఇస్తారు. మా గుళ్ళో ఇచ్చినప్పుడు, నిజంగా అవసరమైన ముసలమ్మలు వెనక బెంచీల్లో తల దించుకుని కూర్చుంటారు. జలుబు చేసిన కుర్రాళ్ళు మాత్రం "రాయించుకుంటే మంచిదే కదా" అని లైనులో ముందుంటారు. జలుబుకు ఇది అక్కర్లేదు నాయనా.

ఇంకో గందరగోళం, స్వస్థత కూటాల్లో అమ్మే సీసా నూనె. దానికీ ఈ అభ్యంగనానికీ సంబంధం లేదు. అభ్యంగనానికి వాడేది ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో బిషప్ గారు ఆశీర్వదించే తైలం. దాన్ని రాయగలిగింది గురువులే. నేను రాయకూడదు, సిస్టర్స్ రాయకూడదు. నూనె రాశాక మందులు మానేయాలని ఎవరైనా చెబితే దయచేసి ఆ మనిషి మాట వినకండి. కథోలిక బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుణ్ణి గౌరవించమని చెబుతుంది, మందుల్ని భూమిలోనుంచి దేవుడే పుట్టించాడని చెబుతుంది. ఇన్సులిన్ ఆపేసి కాలు పోగొట్టుకున్న మనిషి మా క్లాసులోనే కూర్చుంటాడు.

పిలిచేటప్పుడు ఏం చేయాలని అడుగుతారు కాబట్టి చెబుతాను. ఇంట్లో అయితే చిన్న బల్ల, దానిమీద తెల్ల గుడ్డ, సిలువ, కొవ్వొత్తి, కాస్త దూది. అవేవీ లేకపోయినా పర్వాలేదు, కంగారు పడొద్దు. ఐసీయూలో అయితే కొవ్వొత్తి మాట ఎత్తకండి, అక్కడ ఆక్సిజన్ ఉంటుంది. డ్యూటీ నర్సును ముందే అడిగితే ఐదు నిమిషాలు లోపలికి వదులుతారు. విచారణ గురువు ఊళ్ళో లేకపోతే పక్క విచారణవాళ్ళను అడగండి. రోగితో "చివరిది" అనే మాట అనకండి. "ఫాదర్ గారు చూడ్డానికి వస్తానన్నారు, రమ్మంటారా?" అంటే చాలు. నూటికి తొంభైమంది రమ్మనే అంటారు. ఇది నా అంచనాయే, లెక్క కట్టింది కాదు.

మిగతా అపోహలు గబగబా. సత్ప్రసాదానికి ముందు మాత్ర వేసుకుంటే ఉపవాసం పోతుందా? పోదు. నీళ్ళు, మందులు ఎప్పుడైనా తీసుకోవచ్చు. మిగతా తిండికి గంట విరామం చాలు. ముసలివాళ్ళకు, రోగులకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు ఆ గంట కూడా లేదు. అర్ధరాత్రినుంచి పస్తు ఉండడం మన తాతల కాలం నియమం.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో నలభై రోజులూ పస్తుండాలా? తప్పనిసరి ఉపవాసం రెండు రోజులే, తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). అదీ 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకి. షుగరున్నవాళ్ళు డాక్టర్ మాట వినాలి.

ఇరవై ఏళ్ళుగా పాపసంకీర్తనానికి వెళ్ళలేదు, మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడే ప్రార్థన) మర్చిపోయాను, తిడతారేమో? మర్చిపోతే మీ సొంత మాటల్లో చెప్పండి. "ఫాదర్, చాలా ఏళ్ళైంది, సాయం చేయండి" అంటే చాలు, దారి వాళ్ళే చూపిస్తారు. చెప్పింది బయటికి పొక్కదు. గురువు దాన్ని ఎవరికీ ఏ కారణంతోనూ చెప్పకూడదు.

జపమాల చెబుతుంటే మనసు గ్యాస్ స్టవ్ మీదికి పోతోంది? నాదీ పోతుంది. మళ్ళీ తెచ్చుకోవడమే. నవదిన ప్రార్థనలో ఏడో రోజు తప్పితే ఎనిమిదో రోజు చేయండి, పిల్లాడికి జ్వరం దానివల్ల రాలేదు. ఇక తొమ్మిదిమందికి పంపకపోతే కీడు అని వాట్సాప్‌లో వచ్చే జపాలు, మూడు రోజుల చీకటి రాబోతోంది, దీవించిన కొవ్వొత్తులు కొనిపెట్టుకోండి లాంటివి డిలీట్ చేసేయండి. పోయిన నెల ఒక తల్లి ఇలాంటి మెసేజ్ పట్టుకుని రాత్రంతా టెన్షన్‌తో కూర్చుంది. దేవుడు మన ఫోన్ లిస్టు చూసి శిక్షించేవాడు కాదమ్మా అని చెప్పడానికి గంట పట్టింది.

గురువారం రాత్రి కథతో మొదలుపెట్టాను కదా, ఆదివారం సంగతీ చెప్తాను. పూజయ్యాక ఒకాయన గుడి మెట్ల దగ్గర ఆపాడు. "మాస్టారూ, అత్తయ్యకి బుధవారం గుండె ఆపరేషన్. క్లాసులో చెప్పారుగా, అందుకని..." అని నసిగాడు. సాయంత్రం ఫాదర్ గారితో వెళ్ళాం. అంతా అయ్యాక ఆ పెద్దావిడ చేతులకున్న నూనె చీర కొంగుకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, "ఏమే, ఫాదర్ గారికి కాఫీ పెట్టవా? నిలబడి చూస్తావేం?" అని కూతుర్ని కసిరింది.