అండాశయంలో గడ్డ: కత్తి పట్టే ముందు ఎంఆర్ఐ

స్కానింగ్ రిపోర్టులో 'అండాశయం దగ్గర గడ్డ ఉంది, ఏ రకమో తేలలేదు' అని రాసుంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. క్యాన్సరేమో అన్న భయం వెంటనే పట్టుకుంటుంది. ఆ భయంతోనే 'తీయించేస్తే పోతుంది కదా' అనేవాళ్లూ ఉంటారు. ఆ మాటకు తలూపే ముందు ఎంఆర్ఐ గురించి డాక్టరును తప్పకుండా అడగాలి.

మొదటి పరీక్ష మాత్రం అల్ట్రాసౌండే. ఖర్చు తక్కువ, చాలా గడ్డల సంగతి అక్కడే తేలిపోతుంది. మామూలు నీటిబుడగకు ఎంఆర్ఐ అక్కర్లేదు. ఉన్నట్టుండి పొత్తికడుపులో భరించలేని నొప్పి వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు. అప్పుడు ఎంఆర్ఐ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. చిక్కంతా అల్ట్రాసౌండ్ తేల్చలేని గడ్డలతోనే. సూదితో ముక్క తీసి చూద్దామంటే, అది క్యాన్సరే అయితే కణాలు పొట్టలోకి చిందే ప్రమాదం ఉంది. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే ప్రొటీన్‌ను కొలిచే సీఏ-125 రక్తపరీక్ష మీదా పూర్తిగా ఆధారపడలేం. ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బు), ఒక్కోసారి నెలసరి రోజుల్లో కూడా అది పెరుగుతుంది.

ఎంఆర్ఐ గొప్పతనం కోయకుండానే గడ్డలో ఏముందో చెప్పడం. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందిస్తాయి. నీటిలోని హైడ్రోజన్‌కూ కొవ్వులోని హైడ్రోజన్‌కూ పౌనఃపున్యంలో చిన్న తేడా ఉంటుంది. టీ1 అనే చిత్రంలో కొవ్వు, పాత రక్తం రెండూ తెల్లగానే మెరుస్తాయి. ఆ పౌనఃపున్యం తేడా ఆధారంగా కొవ్వు సంకేతాన్ని మాత్రం అణచి మళ్లీ చిత్రం తీస్తారు. తెలుపు నల్లబడితే అది కొవ్వు, అంటే చాలావరకు డెర్మాయిడ్ (కొవ్వు, వెంట్రుకల లాంటివి ఉండే గడ్డ). ఇంకా మెరుస్తూనే ఉంటే పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ కావచ్చు. ఈ రెండూ చాలావరకు క్యాన్సర్ కానివే.

గట్టి కణజాలం కనిపిస్తేనే అసలు పరీక్ష. టీ2, డిఫ్యూజన్ అనే మరో రెండు రకాల ఎంఆర్ఐ చిత్రాల్లోనూ అది నల్లగా ఉంటే దాదాపు ఖాయంగా ఫైబ్రోమా లాంటి హానిలేని గడ్డే. లేకపోతే చిత్రంలో వెలుగునిచ్చే గాడోలినియం మందును రక్తనాళంలోకి ఎక్కించి, అది గడ్డలోకి ఎంత వేగంగా చేరుతుందో గర్భసంచి కండరంతో పోల్చి చూస్తారు. కండరం కన్నా ముందే గడ్డ వెలిగితే అనుమానం బాగా బలపడుతుంది.

వీటన్నిటినీ కలిపి ఓ-ర్యాడ్స్ అనే స్కోరు ఇస్తారు. స్కోరు 2 అయితే క్యాన్సర్ అవకాశం 0.5 శాతం లోపే, 3 అయితే 5 శాతం, 4 అయితే 50, 5 అయితే 90 శాతం దాకా. ఫ్రెంచ్ రేడియాలజిస్ట్ ఇసబెల్ తొమాసాఁ-నగారా బృందం ఈ పద్ధతిని ఐరోపాలోని 15 కేంద్రాల్లో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించింది. అల్ట్రాసౌండ్‌లో తేలని గడ్డలున్న 1130 మందిలో చివరికి క్యాన్సర్ తేలింది 203 మందికే. క్యాన్సర్ ఉన్నవాళ్లలో 93 శాతాన్ని, లేనివాళ్లలో 91 శాతాన్ని స్కోరు సరిగ్గా గుర్తించింది.

పిల్లలు కావాలనుకునే అమ్మాయికి స్కోరు 2 వస్తే ఆపరేషనే అక్కర్లేకపోవచ్చు, చేసినా గడ్డ వరకే తీసి అండాశయాన్ని నిలబెట్టొచ్చు. 5 వస్తే మాత్రం మొదటి ఆపరేషనే క్యాన్సర్ సర్జన్ చేతిలో జరగాలి.