ఉపగ్రహ గడియారాన్ని నేల మీదే ఎందుకు నెమ్మది చేస్తారు?

జీపీఎస్ ఉపగ్రహంలోని అణు గడియారం 10.23 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో నడవాలి. నేల మీద మాత్రం దాన్ని 10.22999999543 దగ్గర నిలిపి పైకి పంపుతారు. కక్ష్యలో అది రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పరుగెత్తుతుంది కాబట్టి ఆ మేరకు ముందే తగ్గిస్తారన్నమాట.

అది ఎందుకు పరుగెత్తుతుందో తెలియాలంటే కాంతి వేగం కథతో మొదలుపెట్టాలి. కాంతి ప్రయాణానికీ సమయం పడుతుందని 1676లో ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్ చూపాడు. భూమి గురుగ్రహానికి దూరమయ్యే రోజుల్లో దాని ఉపగ్రహం అయో గ్రహణాలు లెక్క కన్నా ఆలస్యంగా, దగ్గరయ్యే రోజుల్లో ముందుగా కనిపించాయి. 1887లో భౌతిక ప్రయోగాలు చేసిన మైకెల్సన్, మోర్లే భూమి కదిలే దిశలో కాంతికి ఒక వేగం, అడ్డంగా మరో వేగం దొరుకుతుందేమోనని వెతికారు. రావలసిన తేడాలో ఇరవయ్యో వంతు కూడా రాలేదు.

1905లో ఐన్‌స్టీన్ కాంతి వేగం మారదన్నదాన్ని నియమంగానే తీసుకున్నాడు. ఎవరు కొలిచినా కాంతి వేగం ఒక్కటే అయితే, కదిలే గడియారం నెమ్మదించక తప్పదు. ఇదే కాల వ్యాకోచం. మామూలు వేగాలకు ఆ తగ్గుదల v²/2c² (v గడియారం వేగం, c కాంతి వేగం). గంటకు 900 కిలోమీటర్ల విమానంలో రోజుకు 30 నానోసెకన్లే. అదే పత్రంలో భూమధ్యరేఖ దగ్గరి గడియారం ధ్రువం దగ్గరి దానికన్నా నెమ్మదిగా నడుస్తుందని కూడా రాశాడు. అది నిలవలేదు. భూమి మధ్యలో ఉబ్బి ఉండటంతో అక్కడ గురుత్వ ప్రభావం తగ్గి గడియారం వేగం పుంజుకుంటుంది, సముద్ర మట్టంలో ఈ రెండు ప్రభావాలూ సరిపోతాయి. గురుత్వం కూడా కాలాన్ని ప్రభావితం చేస్తుందన్న ఆలోచన ఆయనకు 1907లో గానీ రాలేదు.

1971 అక్టోబరులో హఫెలె, కీటింగ్ నాలుగు సీజియం అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లినప్పుడు అవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినప్పుడు 273 ముందుకెళ్లాయి. భూభ్రమణం ఒకసారి వేగానికి కలుస్తుంది, ఒకసారి తీసివేతకు పోతుంది.

అయినా ఇంజనీర్లందరికీ నమ్మకం కుదరలేదు. 1977 జూన్‌లో జీపీఎస్ కోసం ప్రయోగాత్మకంగా ఎన్‌టీఎస్-2 ఉపగ్రహాన్ని పంపినప్పుడు సవరణను కావాలంటే వేసుకునేలా ఏర్పాటు చేశారు. మొదటి 20 రోజులు వేయకుండా చూశారు. గడియారం లక్ష కోట్లకు 442.5 వంతులు వేగంగా నడిచింది. సిద్ధాంతం చెప్పింది 446.5. సవరణ వేశారు.

38 అన్న అంకె రెండు ఎదురెదురు ప్రభావాల మిగులు. 20,200 కిలోమీటర్ల ఎత్తున గురుత్వం తగ్గడంతో రోజుకు 45 మైక్రోసెకన్లు లాభం, వేగం వల్ల 7 నష్టం. సుమారు 3,200 కిలోమీటర్ల ఎత్తులో రెండూ సమానమవుతాయి. అంతకన్నా కిందున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వేగానిదే పైచేయి, గడియారం వెనకబడుతుంది. 36,000 కిలోమీటర్ల దగ్గర తిరిగే మన దేశపు దిక్సూచి వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలకు మిగులు 46 దాటుతుంది.

సవరణ లేకపోతే రోజుకు 11 కిలోమీటర్ల తప్పు వస్తుందని తరచూ రాస్తారు. 38 మైక్రోసెకన్లను కాంతి వేగంతో గుణిస్తే వచ్చేది అదే, కానీ ఆ మాట సగమే నిజం. రిసీవర్ నాలుగు ఉపగ్రహాలను పట్టుకునేది తన గడియారం తప్పును కూడా లెక్కగట్టుకోవడానికే. అన్ని ఉపగ్రహాలకూ ఒకేలా ఉండే తప్పు చాలావరకు అందులో కలిసిపోతుంది. చెడేది ప్రధానంగా జీపీఎస్ ఇచ్చే సమయం.

అసలు చిక్కు మరో చిన్న ప్రభావంతో. ఏ కక్ష్యా పూర్తి వృత్తం కాదు. భూమికి దగ్గరైనప్పుడు ఉపగ్రహం వేగం పెరిగి గడియారం నెమ్మదిస్తుంది, దూరమైతే తిరిగి పుంజుకుంటుంది. ఉత్కేంద్రత (కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే సంఖ్య) 0.01 ఉంటే ఈ ఊగిసలాట అటూ ఇటూ 23 నానోసెకన్లు, అంటే 7 మీటర్లు. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా ఉంటుంది కనుక ఇది కలిసిపోదు. దీన్ని ఉపగ్రహంలో సరిచేయరు, రిసీవరే లెక్కగట్టాలి. ఆ లెక్కను సాఫ్ట్‌వేర్‌లో వదిలేస్తే మీటర్ల తేడా సుమారు పన్నెండు గంటలకోసారి పెరిగి తగ్గుతుంటుంది.

2014 ఆగస్టులో యూరప్ దిక్సూచి వ్యవస్థ గెలీలియోకు చెందిన రెండు ఉపగ్రహాలు పొరపాటున కోలగా సాగిన కక్ష్యలో పడ్డాయి. దారి చూపడానికి పనికిరావనుకున్న వాటిలో ఇదే ఊగిసలాట 370 నానోసెకన్ల దాకా ఉంది. ఆ గడియారాలను వరుసగా గమనించి 2018లో ప్రకటించిన ఫలితాలు, 1976 నాటి గ్రావిటీ ప్రోబ్-ఎ రాకెట్ పరీక్ష కన్నా ఐదు రెట్లకు పైగా కచ్చితంగా ఐన్‌స్టీన్ లెక్కను నిర్ధారించాయి.