రిజర్వేషన్లు: సీటు దగ్గరా పోస్టు దగ్గరా వినబడే అపోహలు - వాస్తవాలు

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు మూసేదాకా నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఒకటే మాట: "మావాడి సీటు రిజర్వేషన్‌లో పోయింది." డీఎస్సీ, గ్రూప్స్ ఫలితాలప్పుడు ఇదే మాట ఇంకొంచెం గట్టిగా వినబడుతుంది. దరఖాస్తులు, కౌన్సెలింగ్, సర్టిఫికెట్ల పరిశీలన చూసే పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రిజర్వేషన్లు ఉండాలి. వద్దనేవాళ్ళతో వాదించడానికి మాకు అభ్యంతరం లేదు, కాకపోతే ఎవరైనా లెక్క తెలుసుకుని వాదించాలి. పక్కవాడి కోటా సంగతి అలా ఉంచితే, సొంత ఫైల్లో ఉన్న తప్పు కాగితం వల్ల సీటు పోగొట్టుకునే పిల్లలు ప్రతి ఏడూ కనబడుతూనే ఉన్నారు.

అపోహ: ఓసీ (ఓపెన్ కేటగిరీ) అంటే అగ్రకులాల కోటా. బీసీ, ఎస్సీ పిల్లలు అందులోకి రాకూడదు.

ఓసీ అనేది ఎవరి కోటా కాదు. ర్యాంకు ఉన్న ఎవరికైనా తెరిచి ఉంచిన సీట్లవి. ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 60 సీట్ల బ్రాంచి తీసుకుందాం. మేనేజ్‌మెంటు వాటా 30 శాతం, అంటే 18 సీట్లు పోతే కన్వీనర్ కోటాకు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపేందుకు, మిగిలేవి 42. రిజర్వేషన్ ఈ 42లోనే. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు 29 (ఏకి 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4). అన్నీ కలిపితే 50 శాతం, అంటే 21 సీట్లు. మిగతా 21 ఓపెన్. ముందు ఈ 21 సీట్లను కులం చూడకుండా ర్యాంకు వరసలో నింపుతారు. ఆ వరసలో బీసీ-డీ అమ్మాయి ఉంటే ఆమె ఓపెన్ సీటులోనే లెక్క, బీసీ-డీ వాటా అలాగే ఉంటుంది.

ఈ లెక్కలో ఇంకోటి గమనించండి. 42లో ఒక శాతమంటే 0.42. బీసీ-సీకి ప్రతి బ్రాంచిలోనూ ఒక సీటు రావడం అసాధ్యం. "మా కాలేజీలో బీసీ-సీ సీటు ఎవరో కాజేశారు" అని ఫిర్యాదు పట్టుకొచ్చేవాళ్ళు ముందు ఈ గుణకారం చేసి చూసుకోవాలి. ఏ రిజర్వేషనూ లేని కులాల పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ 10 శాతం కూడా ఈ 42లోంచి కోసింది కాదు, మంజూరైన సీట్లకు పైన అదనంగా కలిపింది.

ఉద్యోగాల దగ్గర ఒక మెలిక ఉంది. కేంద్ర నియామకాల్లో వయసు సడలింపు వాడుకున్న అభ్యర్థిని ఓపెన్‌లో లెక్కించరు. ఫీజు రాయితీ మాత్రమే తీసుకుంటే ఆ అడ్డు లేదు.

అపోహ: మహిళలకు 33 శాతం అంటే ఎస్సీ, బీసీ కోటాల మీద ఇంకో కోటా.

అది ఎస్సీ, బీసీల వాటాలా విడిగా తీసిపెట్టే నిలువు కోటా కాదు, ప్రతి కోటాలోనూ అడ్డంగా సాగే కోటా. దీన్ని ఎలా లెక్కపెట్టాలో 2007లో రాజేశ్ కుమార్ డారియా కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఎస్సీలకు 21 పోస్టులున్నాయనుకోండి. మూడో వంతు 7. ముందు ఎస్సీ జాబితాలో మెరిట్ ప్రకారం పైనున్న 21 మందిని తీస్తారు. అందులో ఇప్పటికే ఏడుగురు మహిళలుంటే పని అయిపోయింది, అదనంగా ఎవరినీ చేర్చరు. నలుగురే ఉంటే, ఆ జాబితాలో అట్టడుగునున్న ముగ్గురు మగవాళ్ళ స్థానంలో తర్వాతి ముగ్గురు ఎస్సీ మహిళలు వస్తారు. ఓసీ జాబితాలోనూ పద్ధతి ఇదే. ఓపెన్‌లోని మహిళా పోస్టుకు బీసీ, ఎస్సీ మహిళలు కూడా అర్హులేనని 2020లో సౌరవ్ యాదవ్ కేసు తేల్చింది.

అపోహ: రిజర్వేషన్లు పదేళ్ళకే పెట్టారు, రాజకీయం కోసం పొడిగిస్తూ పోతున్నారు.

పదేళ్ళ గడువు చట్టసభల సీట్లకు, రాజ్యాంగం 334వ అధికరణంలో. ఇప్పుడు అది 2030 జనవరి 25 దాకా ఉంది. చదువుకూ ఉద్యోగానికీ ఆధారమైన 15(4), 16(4) అధికరణాల్లో గడువనే మాటే లేదు.

చరిత్ర సంగతికొస్తే, మన ప్రాంతానికి ఇది కొత్త విషయం కాదు. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు, ఒంగోలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అక్కడ కమ్యూనల్ జీవో (వర్గాల వారీగా వాటాలు పంచిన ఉత్తర్వు) ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1 ఇచ్చేవారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు వల్లే అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) చేరింది. అంటే మన తాతల కాలంలో అన్ని వర్గాలకూ వాటాలుండేవి. వాటా అనగానే ఒక్క ఎస్సీ ఎస్టీలే గుర్తుకు రావడం తర్వాతి కాలపు అలవాటు.

అపోహ: తక్కువ మార్కులతో చేరినవాళ్ళు తక్కువ మార్కులతోనే డాక్టర్లవుతారు.

సడలింపు గుమ్మం దగ్గరే. నీట్‌లో జనరల్‌కు 50 పర్సంటైల్, ఎస్సీ ఎస్టీ ఓబీసీలకు 40. లోపలికెళ్ళాక ఎంబీబీఎస్ పాస్ మార్కులు అందరికీ ఒకటే, ప్రాక్టికల్స్ ఒకటే, దిద్దేవాళ్ళూ ఒకరే. ఇక ఉద్యోగాల్లో పనితనం పడిపోతుందనే వాదనను ఆర్థికవేత్తలు అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ రైల్వేల లెక్కలతో పరీక్షించి చూశారు. ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల శాతం పెరిగినందువల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి వాళ్ళకు ఆధారం దొరకలేదు. మేనేజ్‌మెంటు సీటులో ర్యాంకు ఎంత కింద ఉన్నా ఇంత కోపంగా అడిగేవాళ్ళు కనబడరు. అది మాకు బాధగానే ఉంటుంది.

అపోహ: నెల్లూరు, ఒంగోలు పక్కపక్కనే కదా, లోకల్ అంతా ఒకటే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, పైగా ఇందులో కులం ప్రసక్తే లేదు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్. ఉమ్మడి నెల్లూరు జిల్లా శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పరిధి. ఒంగోలు ఉన్న ఉమ్మడి ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. ఉద్యోగాల్లో మాత్రం 1975 ఉత్తర్వు గుంటూరు, ప్రకాశం, నెల్లూరులను కలిపి మూడో జోన్ చేసింది. సీటుకు వేరు, జోనల్ పోస్టుకు ఒకటి.

చదువు విషయంలో నిబంధన ఇలా ఉంటుంది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరస నాలుగేళ్ళు ఒకే పరిధిలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే చివరి ఏడేళ్ళు, అంటే ఆరు నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఎక్కడ ఎక్కువ కాలం చదివితే అక్కడ లోకల్.

ఒంగోలు అబ్బాయి ఆరు నుంచి పది దాకా ఒంగోలులో చదివి, ఇంటర్‌కు నెల్లూరు హాస్టల్లో చేరాడనుకోండి. ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్ళు ఎక్కడా లేవు. ఏడేళ్ళలో ఐదు ఒంగోలువి కాబట్టి ఆంధ్రా లోకల్. అదే అబ్బాయిని ఫౌండేషన్ అని తొమ్మిదిలోనే నెల్లూరు పంపితే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు కలిపి నాలుగు నిండుతాయి. వాడు ఎస్వీయూ లోకల్ అయిపోతాడు. ఇల్లు ఒంగోలులోనే, రేషన్ కార్డు ఒంగోలులోనే, అయినా గుంటూరు, విజయవాడ కాలేజీల్లో నాన్‌లోకల్. కావలి నుంచి తొమ్మిదిలోనే విజయవాడ పంపేవాళ్ళకు ఇదే తిరగబడుతుంది. హాస్టల్లో చేర్చే ముందు ఫీజుతో పాటు ఈ లెక్క కూడా వేసుకోండి. స్టడీ సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచీ, ఏ సంవత్సరమూ తప్పిపోకుండా ఉండాలి. 2022లో జిల్లాలు విడిపోయి కలిసిన కందుకూరు లాంటి చోట్ల వాళ్ళు ఇప్పటి జిల్లా పేరు కాకుండా, ప్రకటనలో రాసిన ఉమ్మడి జిల్లానే చూసుకోవాలి.

అపోహ: బీసీ సర్టిఫికెట్ ఉంటే ఓబీసీ అయిపోయినట్టే. ఎనిమిది లక్షల లెక్క అందరికీ ఒకటే.

రాష్ట్రం బీసీ జాబితా వేరు, కేంద్రం ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. నీట్ ఆల్ ఇండియా కోటా, ఐఐటీ, ఎన్‌ఐటీ, బ్యాంకు, రైల్వే దరఖాస్తులకు కేంద్రం నమూనాలో ఇచ్చిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (బీసీల్లో పైస్థాయి కుటుంబం కాదని చెప్పేది) కావాలి. మీసేవ బీసీ పత్రం అప్‌లోడ్ చేస్తే జనరల్‌లోకి నెట్టేస్తారు.

ఎనిమిది లక్షలు రెండు చోట్లా కనబడుతుంది కానీ లెక్క వేరు. ఓబీసీ ఆదాయ పరీక్షలో ప్రభుత్వోద్యోగులైన తల్లిదండ్రుల జీతమూ, ఎవరిదైనా వ్యవసాయ ఆదాయమూ కలపరు. జీతం బదులు హోదా చూస్తారు: తల్లిదండ్రుల్లో ఒకరు నేరుగా గ్రూప్-ఏ అధికారిగా చేరినా, ఇద్దరూ గ్రూప్-బీ అయినా క్రీమీలేయరే. మిగతా ఆదాయం వరసగా మూడేళ్ళు ఎనిమిది లక్షలు దాటితేనే అడ్డు. ఈడబ్ల్యూఎస్‌లో అలా కాదు. జీతం, సేద్యం, వ్యాపారం అన్నీ కలిపి గత ఆర్థిక సంవత్సరపు మొత్తం ఎనిమిది లక్షల లోపుండాలి. కేంద్రం దరఖాస్తుల్లో ఆస్తి షరతులూ ఉన్నాయి. ఐదెకరాలు, ఆపైన పొలం ఉంటే, వెయ్యి చదరపు అడుగులు, ఆపైన ఫ్లాటుంటే, మునిసిపాలిటీలో వంద గజాలు, ఆపైన ఇంటిస్థలం ఉంటే అనర్హులు. కోవూరు వైపు ఐదెకరాల వరి పొలం మీద బతికే ఓసీ రైతుకు చేతికొచ్చేది ఎంత తక్కువైనా కేంద్ర ఈడబ్ల్యూఎస్ రాదు. ఇది అన్యాయమని మేమూ అనుకుంటాం. అలాగని తప్పుడు పత్రం పెడితే ఉద్యోగం వచ్చాక కూడా ఊడుతుంది. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానిది కాబట్టి ఏటా కొత్తది తీసుకోవాలి.

అపోహ: ముస్లింలందరికీ 4 శాతం. మతం మారినా ఎస్సీ ఎస్సీనే.

బీసీ-ఈ కొన్ని ముస్లిం వర్గాలకే. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటివాళ్ళు అందులో లేరు, వాళ్ళు ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి. దూదేకులవారు ముందు నుంచీ బీసీ-బీ. ఎస్సీ హోదా 1950 ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధాల్లో ఉన్నవాళ్ళకే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు, వాళ్ళ సంతానం మన రాష్ట్రంలో బీసీ-సీ. ఎస్టీలకు మతంతో సంబంధం లేదు. బాప్టిస్టు మిషన్లు పాతకాలం నుంచీ ఉన్న ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో ఈ విషయం ఇంటింటి సమస్య. సున్నితమైనది కూడా, అందుకే దరఖాస్తులో ఏం రాస్తున్నారో ఇంట్లో పెద్దలతో కూర్చుని తేల్చుకున్నాకే రాయండి.

అపోహ: ఎస్సీ కులాలను గ్రూపులుగా విడదీసిన వర్గీకరణతో ఎస్సీ కోటా పెరిగింది, లేదా తగ్గింది.

పెరగలేదు, తగ్గలేదు. 15 శాతం 15 శాతమే. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చంది. 2025లో మన రాష్ట్రం 59 కులాలను మూడు గ్రూపులు చేసింది: రెల్లి మొదలైన 12 కులాలకు 1 శాతం, మాదిగ మొదలైన 18 కులాలకు 6.5, మాల మొదలైన 29 కులాలకు 7.5. అర శాతాలు వచ్చాయి కాబట్టి వంద పాయింట్ల రోస్టర్ (ఎన్నో పోస్టు ఏ వర్గానిదో చెప్పే వరస పట్టిక) చాలదు, రెండు వందల పాయింట్లతో లెక్కించాలి. 200లో 2, 13, 15.

అపోహ: ఉన్నదే ఒక్క ఖాళీ, అదీ ఎస్సీకే ఇచ్చారంటే ఏదో జరిగింది.

రోస్టర్ నడుస్తూనే ఉండే రిజిస్టరు. గత నియామకం 6వ పాయింటు దగ్గర ఆగితే ఈసారి 7 నుంచి మొదలవుతుంది. ఆ పాయింటు ఎవరిదైతే పోస్టు వాళ్ళది. అనుమానముంటే సమాచార హక్కు కింద ఆ కేడర్ రోస్టర్ రిజిస్టరు నకలు అడగండి, మూడు నాలుగు నియామకాల వెనక్కి వెళ్ళి పాయింట్లు లెక్కపెట్టండి. తప్పులు దొరకవని మేమనం, దొరుకుతాయి. అయితే ఆ కేడర్ మొత్తంలో ఎప్పటికీ ఉండేది ఒకే పోస్టయితే దాన్ని రిజర్వు చేయకూడదని 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: కృష్ణపట్నం కంపెనీల్లోనూ కులం కోటా ఉంది.

లేదు. 2019లో రాష్ట్రం చేసిన 75 శాతం చట్టం స్థానికుల కోసం, కులం కోసం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా రిజర్వేషన్ కాదు. అది ఆదాయ పరిమితి చూసి ఓసీ పేద పిల్లలకూ ఇచ్చేది.

అపోహ: పత్రాలదేముంది, సీటొచ్చాక తెచ్చుకోవచ్చు.

ఈ మాట నమ్మి అందరికంటే ఎక్కువ నష్టపోయేది యానాది పిల్లలు. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లాలో దాదాపు పదో వంతు ఎస్టీలే, అందులో యానాదులే ఎక్కువ. బడి టీసీలో కులం గడి ఖాళీ, తండ్రి పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, ఇంటిపేరు చోట కొన్నిసార్లు కులం పేరే. తల్లిదండ్రులకు పుట్టిన తేదీ పత్రమే ఉండదు. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాక వీఆర్వో విచారణ, ఆర్ఐ నివేదిక, తహసీల్దారు సంతకం, ఏ మెట్టు దగ్గర పేరు తేడా వచ్చినా ఫైలు వెనక్కి వస్తుంది. తీరంలో పట్టపు కుటుంబాలకూ ఇలాంటి చిక్కే. పత్రంలో "మత్స్యకారులు" అని వృత్తి రాయించుకుంటే చెల్లదు, బీసీ-ఏ జాబితాలో ఉన్న కులం పేరే ఉండాలి.

పిల్ల తొమ్మిదిలో ఉండగానే మొదలుపెట్టండి. ముందు ఆధార్‌లో పేరు, తండ్రి పేరు సరిచేయించాలి. తర్వాత అదే స్పెల్లింగ్ బడి రికార్డులోకి ఎక్కించాలి, ఎందుకంటే పదో తరగతి మెమో అచ్చయ్యేది దాని ప్రకారమే. ఆ తర్వాతే కుల ధ్రువపత్రానికి పెట్టాలి. తండ్రి వైపు దగ్గరి బంధువుల్లో ఎవరికైనా ఇప్పటికే పత్రం ఉంటే నకలు జతచేయండి, విచారణ తేలికవుతుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆ కాగితం లేకుండా పై అధికారికి అప్పీలు చేయడం కష్టం.